చీకటి గుంతలో సద్దుల బతుకమ్మ

రోజు 4,011. ఎంగిలిపూల బతుకమ్మ.

బాగు చేసిన చేతితొడుగులు పదకొండు. పనికిరావని తీసేసినవి రెండు. మోకాలి దగ్గర చిరిగిన సూటు ఒకటి, రేపటికి మిగిలింది.

కుట్టుగది లాగ్‌లో ఇంతవరకు రాస్తే చాలు. పదకొండేళ్లుగా ఇంతే రాస్తున్నాను. ఈ తొమ్మిది రోజులు మాత్రం కింద నా సంగతులు కూడా రాస్తాను. సద్దుల నాడు భూమి నుంచి బండి వస్తుంది. అందులో నేను ఇంటికి పోతున్నాను. దూస స్వరూప, సిరిసిల్ల. జాబితాలో నా పేరు పదిహేడోది. ఇక ఎవరు చదివి ఏమన్నా నాకేం?

పొద్దున షిఫ్టుకు ముందే సత్తవ్వ, నేను తోటకు వెళ్లాం. సత్తవ్వది ముస్తాబాద్. అరవై రెండేళ్లు. నాకన్నా పన్నెండేళ్ల ముందు చంద్రుడి మీదికి వచ్చింది. ఈ కుట్టుగదిలో నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. తోట చూసే ఇద్రిస్‌కు మేం ఎందుకొచ్చామో ఏటా తెలిసిందే. అయినా ఏటా అడ్డం నిలబడతాడు.

"గుమ్మడి పూలు కోయనివ్వను. కాయలు పోతాయి" అన్నాడు. అతని సూడాన్ మాట నా చెవిమిషన్‌లో పడి పుస్తకాల తెలుగులో వినిపిస్తుంది.

సత్తవ్వ చెవిమిషన్ పెట్టుకోదు. ఒక పువ్వు తుంచి అతని ముక్కు ముందు పెట్టింది. "ఇది మొగపువ్వు నాయనా. దీనికి కాయ గాయది. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

గుమ్మడి మొగపూలు, పురుగు రాకుండా టమాటా వరసల్లో వేసిన బంతి, పూతకొచ్చిన కొత్తిమీర, ముల్లంగి పూలు. తంగేడు లేదు, గునుగు లేదు. రెండు గుమ్మడాకులు పళ్లెంలో పరిచి సత్తవ్వ బతుకమ్మను పేర్చింది. ఇక్కడ పూలకు బరువుండదు. దారం కట్టకపోయినా ఎంత ఎత్తు పేరిస్తే అంత ఎత్తు నిలబడుతుంది. సత్తవ్వకు ఆ ఒక్క విషయంలో ఈ ఊరు నచ్చుతుంది.

తిరిగి వస్తుంటే అంది: "వచ్చే యేడు గునుగుకు బదులు ఉల్లిపూత పెడుదాం పిల్లా. తెల్లగ ఉంటది."

నేను "సరే అవ్వా" అన్నాను.

నేను పోతున్నానని ఆమెకు ఇంకా చెప్పలేదు.

రోజు 4,013. ముద్దపప్పు బతుకమ్మ.

చేతితొడుగులు తొమ్మిది. సూట్లు లేవు.

వారానికి పది నిమిషాల మాట నాకు ఈ రోజు. మంజీర ముందే తెర ముందు కూర్చుని ఉంది. వెనకాల మా రేణుకక్క వంటింట్లో ఏదో వేయిస్తోంది. మాటకూ మాటకూ నడుమ రెండున్నర సెకన్ల సందు ఉంటుంది. మంజీర చిన్నప్పుడు ఆ సందులో ఆగలేక మళ్లీ మళ్లీ "అమ్మా, అమ్మా" అని పిలిచేది. ఇప్పుడు పదిహేనేళ్లు. ఆగడం నేర్చుకుంది.

"నువ్వెంత ఎత్తుంటవమ్మా?" అని అడిగింది.

"అదేం ప్రశ్ననే?"

"ఎప్పుడూ భుజాల దాకనే కనబడ్తవ్. నేను పెద్దమ్మ కన్న ఎత్తయిన. నీకన్న ఎత్తున్ననో లేనో తెల్వద్దా?"

లేచి నిలబడి చూపించాను. కెమెరాలో నా నడుము కనబడింది కానీ తల పోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. రేణుకక్క గరిటె పట్టుకుని వచ్చి, "నీ గదిల మంచం ఏసినం. పరుపు మెత్తగుండాల్నా, గట్టిగుండాల్నా? డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది. గట్టిగానే ఉండాలని చెప్పాను.

"ఈసారి మానేరు కాడికి నేను బతుకమ్మను తీస్కపోను. నువ్వొచ్చినంక వచ్చే యేడే పోదాం, ఇద్దరం" అంది మంజీర.

నేను వచ్చేటప్పుడు దానికి నాలుగేళ్లు. వాళ్ల నాన్న జ్వరంతో పోయిన ఏడాది అది. మూడేళ్లకని వచ్చాను. తరువాత నాలుగేళ్లు బండ్లే నడవలేదు. అది నా చేతిలో లేదు. ఆ తరువాతి నాలుగేళ్లకు మాత్రం నేనే సంతకం పెట్టాను. దాని చదువుకని పెట్టాను. ఎందుకు పెట్టావని మంజీర ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.

రోజు 4,015. అట్ల బతుకమ్మ.

చేతితొడుగులు ఆరు. మధ్యాహ్నం నుంచి కుట్టుగది మూసి బరువు గదిలో ఉన్నాను.

ఇక్కడ మనిషి బరువు భూమ్మీది దాంట్లో ఆరోవంతు. ఏళ్లు గడిచేకొద్దీ ఎముక పలచబడుతుంది. బాగా పలచబడినవాళ్లు బండి భూమికి దిగేటప్పుడు మీద పడే బరువుకు తట్టుకోలేరు. డాక్టరమ్మ తెర మీద దానికో ఎర్రగీత ఉంటుంది. గీత దాటితే ఇక ఎప్పటికీ ఇక్కడే. దాటకుండా ఉండాలంటే బరువు గదికి రావాలి. పెద్ద డ్రమ్ములాంటి గది, గిరగిరా తిరుగుతుంది. నడిమధ్యన తలుపు, అక్కడ బరువు తెలియదు. అక్కడి నుంచి నిచ్చెన మీద అంచుకు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ ఒళ్లు బరువెక్కుతుంది. అంచు మీద నిలబడితే ఊళ్లో నిలబడినట్టే. రెండేళ్ల నుంచి రోజూ రెండు గంటలు అక్కడ నడుస్తున్నాను. గీతకు ఇటుపక్కన, వెంట్రుకవాసిలో ఉన్నాను.

సత్తవ్వ గీత దాటి తొమ్మిదేళ్లయింది. ఆమె వచ్చిన కొత్తలో బరువు గది లేదు.

సాయంత్రం ఆమె సోయాపిండితో అట్లు పోసి తెచ్చింది. అట్టు కాదు, రొట్టె కాదు. ఇద్దరం తిన్నాం. ఎండ పడని ఈ గుంతలో మంచు తవ్వడానికి వచ్చిన రెండు వందల మందిలో ఒకప్పుడు తెలంగాణ ఆడవాళ్లమే పద్నాలుగు మందిమి. యంత్రాలు తవ్వకం నేర్చుకున్నాక ఒక్కొక్కరే ఇంటికి పోయారు. నాలుగేళ్లుగా ఇద్దరమే మిగిలాం. ఇప్పుడు గుంతలో డాక్టరమ్మ కాక ముప్పై ఎనిమిది మందిమి. ఈ బండి పోతే తొమ్మిది మంది, అందరూ గీత దాటినవాళ్లు. మిగతా ఎనిమిది మందిలో సత్తవ్వ మాట తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు.

రేపు జాబితా గోడకు పెడతారు. ఈ రాత్రికైనా చెప్పాలని అట్టు నములుతూ అనుకున్నాను. ఆమె ముస్తాబాద్‌లో వాళ్ల తమ్ముడి పెళ్లి కథ మొదలుపెట్టింది. ఆ తమ్ముడు ఆరేళ్ల కింద పోయాడు. కథ అయిపోయేసరికి ఆమె కళ్లు మూతపడుతున్నాయి. చెప్పలేదు.

రోజు 4,016. అలిగిన బతుకమ్మ.

ఈ రోజు బతుకమ్మను పేర్చరు. అమ్మ అలిగిందని అంటారు.

సత్తవ్వ కుట్టుగదికి తొమ్మిదింటికి వచ్చేది, పదకొండింటికి వచ్చింది. చేతిలో ఉన్న సూదిని పెట్టెలో గుచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"పదిహేడో పేరు ఎవలది?"

నేను చేతితొడుగు పక్కన పెట్టాను.

"నాకు చదువు రాదనుకున్నవా? నీ పేరు నాకు గుర్తువట్టరాదా? ఎన్నొద్దులాయె ఎర్కై?"

"రెండు నెల్లయింది అవ్వా."

"రెండు నెల్లు. మొన్న ఉల్లిపూత పెడుదామంటె సరే అంటివి."

"చెప్పబుద్ధి గాలేదు. నువ్వు బాధపడ్తవని..."

"బాధ గాదే. పోయేటోళ్లను జూసి ఏడ్సుడు నాకు కొత్తనా? పన్నెండు మందిని సాగదోలిన. బువ్వ మూట గట్టిచ్చిన. నీకు మూట గట్టే యాల్ల గూడ ఇయ్యకుంట జేస్తివి." ఆ తరువాత అన్న మాట నేను ఊహించలేదు. "నేను గూడ వత్త."

"ఏంది?"

"నేను గూడ బండెక్కుత. డాక్టరమ్మకు జెప్పు. పానం పోతె పోనీ. దిగేటప్పుడు పోతె నన్ను మానేరుల కలుపుతరు గదా."

"నువ్వు గీత దాటినవవ్వా. ఎక్కనియ్యరు."

"గీత గీసింది ఎవలు? నువ్వా?"

రెండు నెలలుగా లోపల దాచిపెట్టిన భారమంతా కోపమై పైకొచ్చింది. అనకూడని మాట అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ తరువాత జరిగిందంతా దాని వల్లే జరిగింది.

"అక్కడ నీకెవరున్నరని వస్తవు?" అన్నాను.

సత్తవ్వ తన కుర్చీ మీద ఉన్న కండువా తీసుకుని వెళ్లిపోయింది. ఇక్కడ ఎవరు నడిచినా ఎగిరెగిరి నడిచినట్టే ఉంటుంది. కోపంతో పోయేవాళ్లు కూడా గంతులేసుకుంటూ పోతున్నట్టే కనిపిస్తారు.

చేతితొడుగులు సున్నా.

రోజు 4,017. వేపకాయల బతుకమ్మ.

పడుకుని రాస్తున్నాను.

పొద్దున సత్తవ్వ గదికి వెళ్లాను, లేదు. తోటలో లేదు. ఇద్రిస్ చూడలేదన్నాడు. భోజనాల గదిలో లేదు. అప్పుడు బరువు గది తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ వేళ ఎవరి వంతూ కాదు.

తలుపు అద్దంలోంచి చూశాను. అంచు మీద సత్తవ్వ బోర్లా పడి ఉంది. ఆమెకు ఆ గదిలోకి అనుమతి లేదు. తలుపు నెంబరు ఆమెకు చెప్పింది నేనే, ఎప్పుడో, నాకు తువ్వాలు తెచ్చివ్వమని. కండువా తలకు చుట్టుకుని ఉంది. వేళ్లు కదులుతున్నాయి. ముఖం నేలకు ఆనుకుని ఉంది, వీపు పైకీ కిందికీ ఆడడం లేదు.

ఆపే మీట కొట్టాను. ఆ గది ఆగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. డాక్టరమ్మకు ఫోను చేశాను. తలుపు తీసి దిగాను.

ఆలోచించానా అని రేపు ఎవరైనా అడుగుతారు. లేదు. మంజీర గుర్తొచ్చిందా అంటే రాలేదు. దిగేటప్పుడు నాకు వినబడిందల్లా "అక్కడ నీకెవరున్నరని" అన్న నా గొంతే.

వెల్లకిలా తిప్పాను. ఊపిరి ఒక్కసారి బుస్సుమని వచ్చింది, మళ్లీ ఆగింది. ఆమె రొమ్ముకు తన బరువే ఎక్కువైపోయింది. పైకి తేవాల్సిందే. కండువాతో ఆమె రెండు చేతులూ నా మెడ చుట్టూ కట్టి, వీపున వేసుకుని నిచ్చెన ఎక్కాను. సత్తవ్వ ఇక్కడ తేలికైన మనిషి. అక్కడ మాత్రం బియ్యం బస్తా. మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద ఎడమకాలు మోపి లేస్తుంటే తుంటి దగ్గర పుటుక్కుమంది. ఎండిన పుల్ల విరిచినట్టు. నొప్పి వెంటనే రాలేదు. అయిదో మెట్టు దగ్గర వచ్చింది. అప్పటికి బరువు తగ్గుతూ వచ్చింది కాబట్టి చేతుల మీదే లాక్కుంటూ పైకి తెచ్చాను.

డాక్టరమ్మ తలుపు దగ్గర ఉంది. సత్తవ్వకు రెండు పక్కటెముకలు, మెడ కింది ఎముక విరిగాయి. ప్రాణానికి భయం లేదంది.

"మీకు ఏమైనా దెబ్బ తగిలినదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఇక్కడి బరువులో నెమ్మదిగా నడిస్తే కుంటు కనబడదు. రేపు సాయంత్రం బండెక్కేవాళ్లకు ఆఖరి పరీక్ష ఉంది.

రోజు 4,018. వెన్నముద్దల బతుకమ్మ.

పరీక్ష వద్దన్నా తప్పదు కదా. వెళ్లి పడుకున్నాను. తెర మీద నా తుంటి ఎముక వచ్చింది. సన్నని గీత, ఎర్రగీత కాదు, నల్లది.

డాక్టరమ్మ పేరు తెరెసా. ఎక్కువ మాట్లాడదు. ఆ బొమ్మను పెద్దది చేసి చూసింది.

"తుంటి ఎముకలో చీలిక ఏర్పడినది. ఇది నిన్నటిది" అంది.

"రాయకండి" అన్నాను.

"దిగే సమయంలో మీ బరువు అయిదు రెట్లు అగును. ఎముక రెండుగా విడిపోవును. ప్రక్కనే పెద్ద రక్తనాళం ఉన్నది."

"గట్టిగా కట్టండి. లోపల ఇనుప చువ్వ వెయ్యండి. మీకు దండం పెడతాను, అమ్మా. నా బిడ్డ మంచం వేసి ఉంచింది."

చెవిమిషన్‌లో నా మాటలు ఆమెకు ఏ భాషలో ఎలా వెళ్లాయో తెలియదు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చేయి పట్టుకుంది. "మీరు భూమిని చేరుదురు. ప్రాణంతో కాదు. మీ కుమార్తె ఆ దృశ్యమును చూడవలెనా?" అంది.

తరువాతి బండి పద్నాలుగు నెలలకు. అప్పటికి చీలిక అతుక్కుంటుంది. కానీ అతుక్కునేదాకా బరువు గదికి పోకూడదు. పోకపోతే గీత దాటిపోతాను. ఈ లెక్క ఆమె చెప్పాల్సిన పనిలేదు. రెండేళ్లుగా రోజూ నేనే వేసుకున్న లెక్క ఇది.

ఆమె జాబితాలో పదిహేడో పేరు కొట్టేసింది.

బండెక్కేవాళ్లకు ఆఖరిసారి ఇంటికి మాట్లాడుకోమని పది నిమిషాలు ఎక్కువ ఇచ్చారు. నా పేరు కొట్టేసినా ఆ పది నిమిషాలు నాకు వదిలేశారు.

మంజీర కొత్త లంగా ఓణీలో ఉంది. చూపించడానికే వేసుకుంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను. సత్తవ్వ పడిపోయింది, నేను దిగాను, మోశాను, ఎముక చీలింది, రాలేను. వచ్చే బండికి కూడా రాలేను.

రెండున్నర సెకన్లు. తరువాత ఇంకా చాలా సెకన్లు.

"ఆమె నీకేమైతది?" అంది.

"ఏం కాదు బిడ్డా."

"మరి నేను?"

జవాబు చెప్పాను. ఏం చెప్పానో రాయలేను.

"పన్నెండు నిముషాలల్ల ఆ గది ఆగిపోయేదంటివి గదా. డాక్టర్‌కు ఫోన్ జేసినవు గదా. ఇంకెవరన్న దిగేటోళ్లు గదా. నువ్వే ఎందుకు దిగినవ్?"

"ఆమెకు ఊపిరాడ్తలేదు మంజీరా."

"పోయిన సారి చదువు. గీసారి ముసలామె. నువ్వెప్పటికైనా రాకుంట ఉండనీకె ఏదో ఒకటి దొరుకుతది." అది ఏడవలేదు. ఏడిస్తే నేను ఓదార్చేదాన్నేమో. "ఇగ నాకు ఫోన్ చెయ్యకు. పెద్దమ్మకు చేస్కో."

తెర ముందు నుంచి లేచిపోయింది. నాకు దాని ఎత్తు కనబడింది. నాకన్నా ఎత్తే ఉంటుంది. రేణుకక్క వచ్చి కూర్చుంది. మిగిలిన నాలుగు నిమిషాలు ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

రోజు 4,019. సద్దుల బతుకమ్మ.

బండి పొద్దున పదకొండింటికి లేచింది. గోడలు కొంచెం అదిరాయి, అంతే. ఇక్కడ గాలి లేదు కాబట్టి చప్పుడు రాదు. ఇరవై ఎనిమిది మంది పోయారు. నేను ఆ సమయానికి కుట్టుగదిలో ఉన్నాను. రెండు చేతితొడుగులు బాగు చేశాను.

తరువాత ఆసుపత్రి గదికి వెళ్లాను. సత్తవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏం చెప్పాలో దారిలోనే కూడబలుక్కున్నాను.

"బండెక్కలే అవ్వా. పరీక్షల పాత చీలిక ఒకటి బయటవడ్డది. ఎప్పటిదో. డాక్టరమ్మ వద్దన్నది."

ఆమె ఇటు తిరగలేదు.

"అబద్ధమాడకు" అంది గోడతోనే. "నీ బొక్క ఇరిగినప్పుడు నా చెవి నీ వీపు మీదనే ఉన్నది. నాకు ఇనబడ్డది."

నేను మంచం అంచు మీద కూర్చున్నాను.

"నన్నెందుకు మోసినవే? ఆడనే ఇడిసిపెట్టకపోయినవా? నాకెవలున్నరు, నువ్వే అంటివి గదా."

"అన్న. తప్పు మాట్లాడిన."

"తప్పు గాదు, నిజమే. నిజమని ఎర్కుండే పొయిన ఆ గదిలకు. ఒక్క గంట నిలవడ్డనంటె డాక్టరమ్మ ముంగట గట్టిగ మాట్లాడచ్చు అనుకున్న. ముసల్ది, బుద్ధి లేదు. నిలవడ్డ పిల్లా, నిజంగ నిలవడ్డ. ఎంతసేపో తెల్వదు. కాళ్ల కింద నేల తెలిసింది. ముస్తాబాద్‌ల వాకిట్ల నిలవడ్డట్టే అనిపిచ్చింది." కొంచెం ఆగి, "మంజీరకు జెప్పినవా?" అంది.

"చెప్పిన."

"ఏమన్నది?"

"పండుగ మంచిగ చేస్కోమన్నది."

ఇదీ అబద్ధమని ఆమెకు తెలుసు. ఇటు తిరిగి, విరగని చేత్తో నా తల తన దగ్గరికి లాక్కుంది. నిన్న రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇక్కడ కన్నీళ్లు చెంప మీద జారడానికి కూడా చాలాసేపు పడుతుంది. సత్తవ్వ తన కండువాతో తుడుస్తూనే ఉంది. ఆమె వీపు కూడా అదురుతోంది, పక్కటెముకలకు కట్లున్నాయి, నొప్పికి మూలుగుతోంది, అయినా ఏడుపు ఆపలేదు.

మధ్యాహ్నం ఇద్రిస్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గంప నిండా పూలు. మొగపూలు, ఆడపూలు అని చూడకుండా గుమ్మడి తీగ మీద విచ్చిన ప్రతి పువ్వూ కోసుకొచ్చాడు.

"కాయలు?" అని అడిగాను.

"తినేవారు తగ్గినారు కదా" అన్నాడు.

నేను పేర్చాను. సత్తవ్వ పడుకునే చెప్పింది, బంతి ఇటు, ముల్లంగి అటు, అంచు వంకర పోయింది సరిచెయ్యి అని. ఇద్రిస్, డాక్టరమ్మ కలిసి చక్రాల కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి మంచునీళ్లు వడకట్టే గదికి తీసుకుపోయారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. నడిమధ్యన బతుకమ్మ. ఇద్దరం చుట్టూ తిరగలేము. ఆమె నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. ఏటా తిరిగేది మేమిద్దరమే.

డాక్టరమ్మ చెప్పులు విప్పింది. ఆమె, ఇద్రిస్ చెరో పక్కన నిలబడి వంగి చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టారు. చప్పట్లు కలవడం లేదు, అడుగు కలవడం లేదు. ఇద్రిస్ ప్రతి అడుగుకూ జానెడెత్తు లేస్తున్నాడు. సత్తవ్వ పాట ఎత్తుకుంది. రెండు చరణాలకే ఊపిరి అందలేదు.

"నువ్వు పాడు" అంది.

పదకొండేళ్లుగా నేను వెనక పాట పాడేదాన్నే. ఎత్తుకోవడం ఎప్పుడూ ఆమెదే. మాటలు గుర్తొస్తాయో రావోనని భయపడ్డాను. వచ్చాయి. చెల్లెను పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న వచ్చే చోటు దగ్గర ఆగాను. సత్తవ్వ ఊపిరి లేకున్నా ఆ ఒక్క చరణం తానే పాడింది. మళ్లీ నేను అందుకున్నాను.

వడకట్టగా మిగిలిన నీళ్ల తొట్టిలో వదిలాం. పూలు విడివిడిగా తేలాయి. వేరుశెనగ, నువ్వుల పిండి ముద్దలు నలుగురం తిన్నాం.

రోజు 4,020.

చేతితొడుగులు మూడు. తొమ్మిది మంది గీతవాళ్లు, డాక్టరమ్మ, నేను ఉన్నప్పుడు ఇంతకన్నా పని రాదు. డాక్టరమ్మ పోయేది తరువాతి బండికి.

ఈ రోజు నా పది నిమిషాలు. వాడుకోలేదు. చెయ్యొద్దంది కదా. రేణుకక్కకు చేస్తే అది పక్కగదిలోంచి వింటుంది. దాన్ని ఇంకా ఏడిపించడం ఎందుకనిపించింది. తెర గది ముందు దాకా పోయి తిరిగొచ్చాను.

రోజు 4,027.

చేతితొడుగులు నాలుగు.

కింది నుంచి నాకు పిలుపు ఉందని తెర గదికి రమ్మన్నారు. రేణుకక్క అనుకుని వెళ్లాను. మంజీర. పాత డ్రెస్సు, జడ వేసుకోలేదు. తెరకు అటుపక్కన ఏదో చూస్తూ కూర్చుంది.

"ఆమె చేసింది" అంది.

"ఎవరు?"

"సత్తవ్వ. నాలుగొద్దుల కింద. నెంబరు డాక్టర్‌నడిగి చేసింది. ఇరవై మూడేండ్లల్ల తను ఎవ్వలకు ఫోన్ చెయ్యలేదంట. ఎట్ల మాట్లాడాల్నో తెల్వక మొదలు గట్టిగ ఒర్రింది." ఒక్క క్షణం దాని పెదవి వంకర పోయింది, నవ్వో ఏడుపో తెలియలేదు. "పది నిముషాలు ఏడ్సుకుంటనే ఉన్నది. తప్పు తనదే అన్నది. మీ అమ్మను తిట్టకు, నన్ను తిట్టు అన్నది."

"తిట్టినవా?"

"తిట్టిన."

"మరి ఆమేమన్నది?"

"ఊకున్నది. ఇంకా తిట్టు బిడ్డా అన్నది. ఇగ నాకు తిట్లు రాలే." మళ్లీ పక్కకు చూసింది. "నాకింకా కోపం పోలేదమ్మా. పోతదో లేదో గూడ తెల్వదు. అందుకు చెయ్యలే నేను."

"మరి?"

రెండున్నర సెకన్ల సందు. అది ఆగింది, నేను ఆగాను.

"కాలు నొస్తుందా?" అని అడిగింది.

డాక్టరమ్మకు లేదని చెప్పాను. సత్తవ్వకు లేదని చెప్పాను. రేణుకక్కకు కబురు పంపినప్పుడు కూడా నొప్పేం లేదనే రాశాను.

"నొస్తుంది బిడ్డా" అన్నాను.

మంజీర తెర దగ్గరికి జరిగింది. దాని ముఖం తెర నిండా వచ్చింది. ఇంకా ఆరు నిమిషాలుంది. అది లేచి వెళ్లిపోలేదు.